నాలుగో ప్రాసెసర్

కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల బస్సు కదలడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. కిటికీ పక్క సీట్లో కూర్చున్న కంప్యూటర్ ఇంజినీర్ కైలాసం గోలీసోడా కొనుక్కున్నాడు. సగం తాగాడు. మిగతా సగం తాగే ఆయుష్షు అతనికి లేకపోయింది.

కండక్టర్ వచ్చి టికెట్ అడిగాడు. పలకలేదు. భుజం పట్టి కుదిపాడు. కైలాసం మెల్లగా పక్క సీటాయన ఒళ్లోకి ఒరిగాడు. "లేవయ్యా, తాగచ్చినవా ఏంది?" అని ఆ పక్కాయన శవాన్ని రెండుసార్లు కసురుకున్నాడు కూడా. కిటికీ కింద సోడా బండి అలాగే ఉంది. బండివాడు లేడు.

అది 1987 జూన్, ఒక మంగళవారం.

అదే రోజు మధ్యాహ్నం మూడు గంటలకు ఊరి బయట ఒక గ్రానైట్ కోత మిల్లులోకి ఏజెంట్ తొమ్మిది అడుగుపెట్టాడు. గేటు దగ్గర కూర్చున్న ముసలాయన అడిగాడు, "జర తంబాకు ఉన్నదా?"

"ఉన్నది. సున్నం లేదు."

ఇది డిపార్ట్‌మెంట్ వారి కోడ్‌వర్డ్. ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ల తెలివికి దండం పెట్టాలి. కరీంనగర్‌లో తంబాకు అడగని మనిషెవడు? బస్టాండు నుంచి మిల్లు దాకా వచ్చేలోపే ముగ్గురు అమాయకులు ఏజెంట్‌ని తంబాకు అడిగారు. ముగ్గురినీ అతను అనుమానంగా చూశాడు. ముగ్గురూ అతన్ని పిసినారి అనుకున్నారు.

లోపల చీఫ్ రామేశ్వర్‌రావు ఉన్నాడు. దొరల గడిలో పుట్టిన మనిషి, అరవై దాటినా నడుం వంగలేదు. ఒకరిని చావుకు పంపేటప్పుడు కూడా చాయ్ తాగావా అని అడిగే మర్యాద ఉన్నవాడు. బయట రాయి కోసే రంపం గోలలో ఇక్కడి మాట పక్క గదికి కూడా వినిపించదు.

"చాయ్ తాగినవా?"

"తాగిన సాబ్."

"కైలాసం పోయిండు. శ్రీరాంపూర్ బొగ్గుబాయిల కంప్యూటర్ పెడ్తుండ్రు గద, ఏది కొనాలెనో పరీక్ష చేస్తుండె. మెషీన్ ఒక్కటి, టెర్మినళ్లు ముప్పై రెండు. మస్టర్, జీతాల బిల్లు, స్టోర్స్, దవాఖాన, బాయిల గ్యాస్ అలారం, అందరు దాన్నే పంచుకోని వాడుకోవాలె. పోటీల రెండున్నయి. మోనో-90, మన దేశపుది, ఒక్కటే ప్రాసెసర్. క్వాడ్రా, బయటిది, నాలుగు ప్రాసెసర్లు."

"ఫరక్ ఏంది సాబ్?"

"పెండ్లింట్ల ముప్పై రెండు విస్తర్లు, వడ్డించేటోడు ఒక్కడే అనుకో. గిరగిర తిరిగి తలా ఇంత వేస్తుంటే అందరికి తనకే వడ్డిస్తుండనిపిస్తది. గది మోనో. వాని కాలు బెణికితే అందరు ఆకలికి సస్తరు. క్వాడ్రాల వడ్డించేటోళ్లు నలుగురు. కాని కూర గిన్నె ఒక్కటే. గిన్నె కాడ ఒకన్నొకడు నూకుకుంటరు. అందుకని నాలుగింతల పని కాదు, మూడున్నర అయితది."

"కైలాసం లెక్కల ఎంతొచ్చింది?"

చీఫ్ ఒక సిగరెట్ అట్టముక్క ముందుకు తోశాడు. శవం మేజోడులో దొరికింది. పెన్సిల్‌తో రాసి ఉంది: 'పని సరిగ్గా మూడింతలే. నాలుగోది ఏ పనీ చేయడం లేదు. కానీ చేయి పెడితే కాలుతోంది.'

ఏజెంట్ తొమ్మిది అట్టముక్క తిప్పి చూశాడు. "పని చెయ్యనోనికి చెమట ఎందుకు పడ్తది సాబ్?"

"గది అడిగినందుకే ఆయనకు సోడా తాపిండ్రు. ఆ నాలుగోది అందరి పని దొంగతనంగ రాసుకోని టెలిఫోన్ లైన్ల బయటికి పంపుతది. క్వాడ్రా వెనక డెల్టా రింగ్ ఉన్నది, బయటి దేశపు గూఢచారి ముఠా. శ్రీరాంపూర్ల ఏది గెలిస్తే రేపు పన్నెండు సర్కారీ జాగలల్ల అదే పెడ్తరు. అండ్ల అణు ఇంధనం ఫ్యాక్టరీ గూడ ఉన్నది. గురువారం కమిటీ ముంగట పోటీ. బాయి నడుస్తుండంగనే పరీక్ష. ఆ నాలుగో ప్రాసెసర్ కార్డు పీకి నా చేతికియ్యాలె."

ఏజెంట్ తొమ్మిది మొహం మాడింది. శ్రీరాంపూర్ బాయిలో అతని అన్న ఉన్నాడు.

ఇక్కడ ఆ అన్నదమ్ముల సంగతి చెప్పాలి. చెన్నూరు వాళ్లు. పెద్దవాడు అంతయ్య, చిన్నవాడు లింగమూర్తి, అంటే మన ఏజెంట్ తొమ్మిది. 1974లో బాయి కొలువు దొరికే సందు వచ్చింది. కావలసింది వయసు చూపే బడి సర్టిఫికెట్. అంతయ్య బడి మొహం చూడలేదు, తమ్ముడిని చదివించడానికి గొర్లు కాశాడు. ఉన్నది లింగమూర్తి సర్టిఫికెట్ ఒక్కటే. దాంతో అంతయ్య లింగమూర్తి అయిపోయి బాయి దిగాడు. ఇదేం వింత కాదు. బొగ్గుబాయిల్లో దీన్ని మారుపేరు అంటారు. మేనమామ పేరుతో అల్లుడు, చచ్చిన తమ్ముడి పేరుతో అన్న, వందలమంది అలాగే దిగుతారు. పెళ్లాం ఒక పేరుతో పిలుస్తుంది, కింద పని చేయించే సర్దార్ ఇంకో పేరుతో. ఆఫీసువాళ్లకూ తెలుసు. బొగ్గు పైకి వస్తున్నంతకాలం ఏ పేరు తవ్వితే వాళ్లకేం?

దాంతో అసలు లింగమూర్తికి పేరు లేకుండా పోయింది. 'గూఢచారికి ఇంతకన్న ఏం అర్హత కావాలె?' అని చీఫ్ ఆ సంగతి విన్న రోజే అతన్ని తీసుకున్నాడు.

"సాబ్, మా అన్న..."

"ఎరికే. అందుకే నిన్ను పంపుతున్న. మనసు పెట్టి పని చేస్తవు."

చెప్పాను కదా, మర్యాదస్తుడు.

బుధవారం లింగమూర్తి శ్రీరాంపూర్‌లో హాజరు వేసే మస్టర్ గుమాస్తాగా చేరాడు. జేబులో తంబాకు డబ్బీ, అందులో ట్రాన్స్‌మిటర్. ఆ సాయంత్రం గెస్ట్‌హౌస్ వరండాలో ప్రమోదిని కనిపించింది. క్వాడ్రా కంపెనీ సిస్టమ్స్ ఎనలిస్ట్. నల్ల కళ్లద్దాలు, బూడిదరంగు పట్టుచీర. ఆమె నడిచి వెళితే కమిటీ మెంబర్లు బిస్కట్లు చాయ్‌లో ముంచి తీయడం మరచిపోయేవారు. కరీంనగర్ దొరల ఇంటి పిల్ల, జ్యూరిక్‌లో చదివింది. డెల్టా రింగ్‌లో జీతం, మన డిపార్ట్‌మెంట్‌లో ఖాతా. రెండు వైపులా నమ్మారంటే ఎవరో ఒకరు మోసపోతున్నట్టే. ఎవరన్నది ఆమెకైనా తెలుసో లేదో.

"జర తంబాకు ఉన్నదా?" అందామె, మొహం ముడుచుకుని.

"ఉన్నది. సున్నం లేదు."

"రేపు ఫస్ట్ షిఫ్ట్‌ల జాగ్రత్త. కిందికి వాళ్ల మనిషి పోతుండు. పేరు నాకు తెల్వది. బదిలీ కూలీల గ్యాంగ్‌ల ఉన్నడు."

"ఏం చేస్తడు?"

"నాకు తెల్సినంత మీ సాబ్‌కు చెప్పిన," అంటూ ఆమె కళ్లద్దాలు సవరించుకుంది. లింగమూర్తి ఆ మాట అప్పుడు పట్టించుకోలేదు. తర్వాత ఎంత తిట్టుకున్నా ఏం లాభం?

గురువారం పొద్దున ఏడు గంటలకు లాంప్‌రూమ్ కిటికీ దగ్గర టెర్మినల్ ముందు కూర్చుని లింగమూర్తి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. పేరు పిలవాలి, మనిషి పలకాలి, మీట నొక్కాలి, తలదీపం ఇవ్వాలి.

"లింగమూర్తి!"

తన పేరు తనే పిలిచాడు. ఎవరూ పలకలేదు.

"లింగమూర్తి!"

"ఆఁ, హాజర్ సార్." అంతయ్య ముందుకొచ్చాడు. పదమూడేళ్లయినా ఆయనకు ఆ పేరు ఒంటబట్టలేదు. తలదీపం అందుకుంటూ తమ్ముడిని చూసి కళ్లు పెద్దవి చేశాడు. వెంటనే తెలివి తెచ్చుకుని తల దించుకున్నాడు. "తిన్నవారా తమ్మీ?" అని గొంతులోనే అడిగి, జవాబు వినకుండానే, బాయి కింద ఐదో భాగానికి పోయే ఐదో డిస్ట్రిక్ట్ వరసలో కలిసిపోయాడు.

చివరికి బదిలీ గ్యాంగ్, పనికి రానివాళ్ల బదులు దిగే కూలీలు. ఇరవై రెండు మంది, అందరూ రెండు మూడు నెలల కింద చేరినవాళ్లు, అందరివీ పచ్చి మారుపేర్లు. లింగమూర్తి పిలుస్తూ పోయాడు. మొదటి పిలుపుకు ఒక్కడూ పలకడు. పక్కవాడు మోచేత్తో పొడిస్తే, "ఓ, నేనే సార్" అంటాడు. రెండో పిలుపు, మూడో పిలుపు. మిగిలింది ఒక్క పేరు.

"రాయమల్లు!"

"హాజర్!"

టక్కున వచ్చింది జవాబు, తుపాకీ గుండులా. లింగమూర్తి వేలు మీట మీదే ఆగిపోయింది. ఏ దేశపు శిక్షణ శిబిరంలోనో ఆరు నెలలు కొట్టి నేర్పి ఉంటారు, పేరు పిలవగానే పలకాలని. వాళ్లకు అన్నీ తెలుసు, శ్రీరాంపూర్‌లో మొదటి పిలుపుకు పలికేవాడు దొంగ అని తప్ప.

"నీ దీపం ఖరాబ్ ఉన్నది. లోపలికి రా, మారుస్త."

లాంప్‌రూమ్ తలుపు మూసుకుంది. తర్వాత నలభై నిమిషాలు అక్కడ జరిగింది ఏ ఫైల్లోనూ లేదు. రాయమల్లుగా వచ్చినవాడు మూడు పళ్లు, రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు, నోరు మాత్రం విప్పలేదు. లింగమూర్తి చెమట తుడుచుకుని వాడి తలకు హెల్మెట్ పెట్టి, నడుముకు బెల్టు బిగించాడు.

"నడువు. ఐదో డిస్ట్రిక్ట్‌ల మా అన్న పక్కన కూసోపెడ్త. చేతులు కట్టేసే ఉంటయి. షిఫ్ట్ అయినంక వచ్చి ఇప్పుత."

అప్పుడు వాడు వణికాడు. కొడితే ఓర్చుకునే శిక్షణ ఇచ్చినవాళ్లు దీనికి ఇవ్వలేదు.

"వద్దు... ఎనిమిది నలభైకి గోడ పడ్తది."

మొత్తం కక్కాడు. ఐదో డిస్ట్రిక్ట్ పక్కన పాత తవ్వకాల్లో ఏళ్ల తరబడి గ్యాస్ నిలిచి ఉంది. దాన్ని మూసిన ఇటుక గోడకు నిన్ననే మందు, గడియారం పెట్టాడు. కింది టెలిఫోన్ తీగ కోశాడు. ఇవాళ అనుమానం రాకుండా హాజరు వేయించుకుని, కిందికి దిగకుండానే జారుకోవాలనుకున్నాడు. ఎనిమిది నుంచి పది దాకా బాయి సైరన్, ఫ్యాన్ మోనో చేతిలో ఉంటాయి. ఆ సమయానికే ముప్పై రెండు టెర్మినళ్ల నుంచి భారీ పనులు మోనో మీద కుమ్మరిస్తారు. గోడ పడుతుంది, మోనో అలారం మోగించలేకపోతుంది, మనుషులు చస్తారు. ఒక్క ప్రాసెసర్ మెషీన్ పనికిరాదని కమిటీ కళ్లారా చూస్తుంది. సేల్స్ డెమాన్‌స్ట్రేషన్ అంటే అదీ!

గడియారంలో ఎనిమిదీ ఇరవై తొమ్మిది. ఐదో డిస్ట్రిక్ట్‌కు నడక ముప్పావుగంట. లింగమూర్తి వాడిని అక్కడే కట్టేసి కంప్యూటర్ సెంటర్ వైపు పరుగెత్తాడు.

గేటు దగ్గర పాసు అడిగినవాడిని ఒక్క గుద్దు గుద్ది లోపలికి వచ్చేసరికి ఎనిమిదీ ముప్పై ఆరు. గాజు గోడకు అటు మోనో, ఇటు క్వాడ్రా. నడుమ సోఫాల్లో కమిటీ. చైర్మన్ రాజేశ్వర్‌రావు సమోసా కొరుకుతున్నాడు. ఎదుటివాళ్ల మెషీన్‌ను పరీక్షించేది పోటీ కంపెనీవాళ్లే, అందుకని మోనో కన్సోల్ ముందు ప్రమోదిని నిలబడి ఉంది.

"సైరన్ కొట్టు! ఫ్యాన్ పెంచు! రెండూ ఇప్పుడే!"

ఆమె తల అడ్డంగా ఊపింది. "ముప్పై రెండు పనులు క్యూల ఉన్నయి. కన్సోల్ నుంచి అర్జెంట్ పని ఒక్కటే ముందుకు పోతది. రెండోదానికి ఎనిమిది నిమిషాలు ఆగాలె."

"మిగతయన్ని ఆపు!"

"ఆపుడు గూడ ఒక పనే. అది గూడ క్యూల నిలబడాలె."

లింగమూర్తి లెక్క వేసుకున్నాడు. ముందు సైరన్ కొడితే కింద ఉన్న మూడు వందల మంది బొగ్గు కోసే మెషీన్లు ఆపి బయటపడతారు, గాలి లేక ఐదో డిస్ట్రిక్ట్ చస్తుంది. ముందు ఫ్యాన్ పెంచితే ఐదో డిస్ట్రిక్ట్ బతుకుతుంది, గ్యాస్ అంతా మిగతా వాళ్ల మీదికి పోతుంది, అక్కడ మెషీన్లు నడుస్తున్నాయి. ఒక్క నిప్పురవ్వ చాలు. అంతయ్య ఐదో డిస్ట్రిక్ట్‌లో ఉన్నాడు.

"క్వాడ్రాకు తగిలిస్తే రెండూ ఒక్క సెకన్ల అయితయి," అంది ప్రమోదిని నెమ్మదిగా. "బాయికి పోయే లైన్ ప్లగ్గు గీడనే ఉన్నది."

తంబాకు డబ్బీ కుయ్యిమంది. రోడ్డు మీద జీపులో ఉన్న చీఫ్ గొంతు. "క్వాడ్రా ముట్టద్దు. ముట్టినవంటే వాళ్లు గెలిచినట్టే. కమిటీ గిప్పుడే సంతకం పెడ్తది."

"సాబ్, మూడు వందల పన్నెండు మంది!"

"దేశంల కోట్లమంది ఉన్నరు."

"నిన్ననే చెప్పిన మీ సాబ్‌కు, ఎనిమిది నలభై అని," అంది ప్రమోదిని. "రింగు రెడ్‌హ్యాండెడ్‌గ దొరకాలె, కానియ్యి అన్నడు."

లింగమూర్తి డబ్బీని నేలకేసి కొట్టాడు. అటు మనుషుల్ని చంపి మెషీన్ అమ్మేవాళ్లు, ఇటు మనుషుల్ని చంపి కేసు పట్టేవాళ్లు. మధ్యలో అన్న తలదీపం పెట్టుకుని బాయి కప్పుకు ఆసరా కట్టెలు నిలబెడుతున్నాడు.

ఎనిమిదీ ముప్పై ఎనిమిది.

"క్వాడ్రా బీరువా తాళంచెవి ఇటియ్యి."

"ఏం చేస్తరు?"

"నాలుగోది పీకుత. దొంగ పోతే మిగిలినయి మన పని చేస్తయి."

"కరెంట్ నడుస్తుండంగనా? పీకితే మెషీన్ మొత్తం పడిపోతదని కంపెనీ చెప్పింది!"

"కంపెనీ చెప్పింది. కైలాసం చెప్పలే."

తాళంచెవి ఆమె ఇవ్వలేదు. మెడలోని గొలుసుకు ఉంటే గొలుసుతో సహా లాగాడు. మెడ మీద ఎర్రటి గీత పడింది. చైర్మన్ లేచి అడ్డం వచ్చాడు. "ఏయ్, పది దాక క్వాడ్రా ముట్టద్దు! సీల్ ఉన్నది, కమిటీ సీల్!" లింగమూర్తి ఆయన్ని సమోసాతో సహా సోఫాలోకి తోసి, లక్కముద్ర తెంచి బీరువా తెరిచాడు.

నాలుగు కార్డులు నిలువుగా ఉన్నాయి. వేళ్లు ఆనించి చూశాడు. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. నాలుగోది చుర్రుమంది. కైలాసం లెక్క నిజమైతే పనంతా ఆ మూడే చేస్తున్నాయి, ఇది పీకినా ఏమీ కాదు. లెక్క తప్పైతే క్వాడ్రా చస్తుంది, మోనో దగ్గరికి తిరిగి పోయే టైము కూడా ఉండదు. చచ్చిపోయిన మనిషి పెన్సిల్ రాత మీద అన్న ప్రాణం పెట్టి, రెండు చేతులా పట్టుకుని గుంజాడు.

చర్మం కాలిన వాసన వచ్చింది. క్వాడ్రా దీపాలన్నీ ఒక్కసారి ఆరాయి.

ఒకటి. రెండు. మూడు సెకన్లు. ప్రమోదిని నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

మళ్లీ వెలిగాయి. మొదటి వరస, రెండో వరస, మూడో వరస. నాలుగో వరస వెలగలేదు. మిగతావాటికి ఆ సంగతి పట్టినట్టే లేదు. లింగమూర్తి మోనో నుంచి లైన్ ప్లగ్గు పీకి ఇక్కడ గుచ్చాడు. ప్రమోదిని వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. రెండు కమాండ్లు.

ఎనిమిదీ ముప్పై తొమ్మిది నిమిషాల యాభై ఏడు సెకన్లకు సైరన్ కూసింది. ఫ్యాన్ హోరెత్తింది. మూడు సెకన్ల తర్వాత కాళ్ల కింద నేల కొద్దిగా అదిరింది. చైర్మన్ చేతిలోని చాయ్ తొణికి ఆయన ధోవతి మీద పడింది. ఆ రోజు శ్రీరాంపూర్‌లో గోడ కూలడం వల్ల జరిగిన నష్టం అంతే.

కిందికి దిగినవాళ్లంతా పైకి వచ్చారు. అందరికన్న వెనక వచ్చింది అంతయ్య. దగ్గుతూ, ఉమ్మితే నల్లగా పడుతూ, ఒక బదిలీ కూలీని భుజాన మోసుకొచ్చాడు. లింగమూర్తి దూరం నుంచే చూశాడు. దగ్గరికి పోతే డ్యూటీ చెడుతుంది. కాలిన అరచేతులు చంకల్లో పెట్టుకుని, గోడకు తిరిగి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

బదిలీ గ్యాంగ్ దీపాలు అప్పజెప్పడానికి లాంప్‌రూమ్‌కు పోయింది. పోలీసులు వచ్చేసరికి రాయమల్లుగా చెలామణి అయినవాడు గుర్తుపట్టేలా లేడు. లాంప్‌రూమ్ తలుపు ఎవరు తీసిపెట్టారో, లోపల కట్టేసి ఉన్నది ఎవరో గ్యాంగ్‌కు ఎవరు చెప్పారో విచారణలో తేలలేదు. ప్రమోదినిని ఇద్దరు మనుషులు రైలెక్కించుకుని కాజీపేట దాకా తీసుకుపోయారు. అక్కడ రైలు దిగింది ఇద్దరే. డెల్టా రింగ్ ఆమెను మోసగత్తె అంది, మన డిపార్ట్‌మెంట్ కూడా అదే అంది. ఆ ఒక్క విషయంలో రెండు దేశాలూ ఏకాభిప్రాయానికి వచ్చాయి.

క్వాడ్రా కంపెనీవాళ్లు మెషీన్ వదిలేసి పారిపోయారు. కమిటీ మూడు సిట్టింగులు వేసి తీర్మానించింది: దొంగ కార్డు ఇప్పుడు లేదు, మిగతా మూడు భేషుగ్గా ఉన్నాయి, ఒకటి పడిపోయినా మిగతావి పని సాగిస్తాయని కళ్లారా చూశాం, కనుక శ్రీరాంపూర్‌లో ఇదే ఉండాలి. మోనో-90ని గోనెపట్టా చుట్టి వెనక్కి పంపారు.

లింగమూర్తి పీకిన కార్డు అప్పజెప్పి, చేతులు కాలాయి కనుక రిపోర్టు చెప్పి రాయించాడు. నిజాయితీగా రాయించాడు, అదే చేసిన తప్పు. 'శత్రువు ఇంకొకరి పేరుతో బాయిలో చేరాడు' అని ఆరో పేజీలో ఒక్క వాక్యం. పైవాళ్లకు ఆ ఒక్క వాక్యమే కంటపడింది. క్వాడ్రాకు మొదటి పని అప్పగించారు. పదహారు వేలమంది మస్టర్ పేర్లు ఒక ప్రాసెసర్‌కు, బడి సర్టిఫికెట్లు ఒకదానికి, వేలిముద్రల ఫైళ్ల నంబర్లు ఇంకోదానికి ఇచ్చి సరిచూడమన్నారు. మధ్యాహ్నం మొదలుపెట్టింది. సాయంత్రం చాయ్ వేళకు పదకొండు వందల నలభై ఆరు పేర్లు ప్రింట్ చేసి పెట్టింది. అందరికీ ఉద్వాసన. వరసలో ఆరు వందల పదో పేరు లింగమూర్తి, టింబర్ కూలీ, ఐదో డిస్ట్రిక్ట్.

క్వార్టర్ ఖాళీ చేసే రోజు లింగమూర్తి వెళ్లాడు. వదిన రామవ్వ గిన్నెలు మూటకడుతోంది, మరిది మొహం చూడలేదు. అంతయ్య గడపలో కూర్చుని ఉన్నాడు.

"సైరన్ కొట్టింది నువ్వేనటగదరా తమ్మీ?"

"నేనే అన్నా."

"మంచి పని చేసినవు. మస్తుమంది పిల్లలగన్నోళ్లు బతికిండ్రు." కాసేపు దగ్గాడు. "నేను గ్యాస్‌ల పోయుంటె లింగమూర్తి అని పోతుంటి. పోయినోని పెండ్లామని మీ వదినెకు కొలువు ఇస్తుండ్రి. గిప్పుడు అంతయ్యగ బతుకుమంటుండ్రు. అంతయ్యకు ఈడ ఎవడు పనిస్తడురా?"

లింగమూర్తి చేతులకు ఇంకా కట్లు ఉన్నాయి. మూట ఎత్తడానికి కూడా అవి పనికిరాలేదు.

ఆ సాయంత్రమే కరీంనగర్ మిల్లుకు వెళ్లి చీఫ్ ముందు నిలబడ్డాడు. "సాబ్, మా అన్న పేరొక్కటి ఆ లిస్ట్‌లకెల్లి తీపియ్యున్రి."

రామేశ్వర్‌రావు కుర్చీ చూపించాడు. చాయ్ తెప్పించాడు. కట్లున్న చేతులతో తాగలేడని గ్లాసు తానే పట్టుకుని తాగించాడు కూడా.

"లిస్ట్ ఢిల్లీకి పోయింది, నా చేతుల ఏం లేదు," అన్నాడు. తర్వాత నిజంగానే బాధపడుతున్నట్టు నిట్టూర్చాడు. "అయినా నువ్వా మోనో కొననియ్యకపోతివి. ఈ పని దానికిచ్చి ఉంటే, ఒక్కటొక్కటి చూసుకుంట మీ అన్న రిటైరయ్యేలోపు ఆ పేరు దాక వచ్చేదే కాదు."